జీడితొక్క నుంచి బ్రేకు దాకా

పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడి పరిశ్రమల వెనక సందుల్లోకి వెళ్తే నల్లగా, జిడ్డుగా తొక్క గుట్టలు కనిపిస్తాయి. పిక్కను ఆవిరిలో ఉడికించి, కోసి, పప్పు తీసుకున్నాక మిగిలేది అదే. తొక్క మందంలో తేనెపట్టులాంటి చిన్న చిన్న గదులుంటాయి. వాటినిండా ముదురు గోధుమరంగు నూనె. చేతికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. పిక్క కోసే ఆడవాళ్లు చేతులకు నూనె పట్టించి, బూడిద పూసుకుని కూర్చునేది దానికి భయపడే. పప్పు పెళ్లి పాయసంలోకి పోతుందని, తొక్క పొయ్యి కిందికి పోతుందని పలాసలో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. ఆ నూనెకు ప్రపంచంలో ఉన్న పెద్ద గిరాకీల్లో కారు బ్రేకు ఒకటని మాత్రం మా మేనల్లుడికి కూడా తెలీదు. వాళ్లింట్లో పొయ్యి వెలిగేది జీడిపిక్క మీదే.

వాడికి ఈమధ్య కొత్త పిచ్చి పట్టింది.

"మావా, మన బండి నూట ఎనభై ఎల్తాదట. ఓసారి సూడాల గదా."

"ఎక్కడ సూస్తావురా, టెక్కలి రోడ్డు మీదా?"

"కాదు మావా. చెన్నై కాడ రేసు ట్రాకుంది. డబ్బు కడితే కొన్ని శని, ఆదివారాలు మన బండే మనల్ని తోలుకోనిస్తారు."

వాడు చెప్పింది నిజమే. చెన్నై నుంచి బెంగళూరు పోయే దారిలో, శ్రీపెరుంబుదూరుకు ఇవతల ఇరుంగట్టుకోట్టై దగ్గర 3.7 కిలోమీటర్ల ట్రాకు ఉంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది. 1990లో తెరిచారు. అంతకుముందు వాళ్లు పందేలు నడిపింది షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద. ఆ షోలవరం ఎక్కడో కాదు, మన కాశీబుగ్గ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే, చెన్నై ఇంకాసేపట్లో వస్తుందనగా తగులుతుంది. రెండూ ఒకే రోడ్డు మీదివి. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఇంకా పెద్దది, 5 కిలోమీటర్లు దాటుతుంది. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ పందేలు అక్కడే జరిగాయి. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి గానీ అది ఊరి రోడ్లకు గోడలు కట్టి చేసిన తాత్కాలికపు ట్రాకు. మనలాంటివాళ్లం సొంతబండి వేసుకుని పోయేది కాదు. వీటిలో పలాస వాడికి తేలిక ఇరుంగట్టుకోట్టైయే. తేలికంటే వెయ్యి కిలోమీటర్లు!

వాడు అడిగింది ఎంత వేగంగా పోవచ్చని. నేను కాగితం తీసి బ్రేకు లెక్క మొదలుపెట్టాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ కూర్చున్నాడు.

మనిషితో కలిపి కారు 1,200 కిలోలు అనుకుందాం. గంటకు 150 కిలోమీటర్ల మీద పోతున్నప్పుడు ఆ బరువులో దాగున్న గతిశక్తి సుమారు 10 లక్షల 40 వేల జౌళ్లు. అదే కారు 60 మీద పోతుంటే లక్షా 67 వేలే. వేగం రెండున్నర రెట్లు పెరిగితే శక్తి ఆరు రెట్లు దాటింది, ఎందుకంటే వేగాన్ని వేగంతోనే హెచ్చవేయాలి. ఇప్పుడు పొడవాటి దారి చివర మలుపొచ్చింది, 150 నుంచి 60కి దిగాలి. ఆ తేడా, అంటే దాదాపు 8 లక్షల 75 వేల జౌళ్లు, ఎక్కడికో పోవాలి. ఎక్కడికీ పోదు, వేడిగా మారి బ్రేకులోనే కూర్చుంటుంది. 3 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి ఎంత వేడి కావాలో సరిగ్గా అంత. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పది నిమిషాలైనా పట్టే పని మూడు సెకన్లలో అయిపోతుంది. గుర్రపు శక్తిలో చెప్పాలంటే ఆ మూడు సెకన్లూ బ్రేకు నాలుగు వందల గుర్రాల పని చేస్తుంది. మావాడి బండి ఇంజనుకు వంద గుర్రాలుంటే ఎక్కువ. కారులో అన్నిటికంటే బలమైన యంత్రం బానెట్ కింద లేదు, చక్రాల లోపలుంది.

బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది. ఆర్టీసీ బస్సులో నిలబడ్డవాళ్లందరూ డ్రైవరు వైపు పడ్డట్టు. అందుకని ముందు చక్రాలే డెబ్బై శాతం పని మోస్తాయి. ముందు డిస్కు ఒక్కోటి 5 కిలోల పోతయినుము అనుకుంటే, ఆ ఒక్క బ్రేకుకే దాని వేడి 120 డిగ్రీలకు పైగా పెరగాలి. ఊరి రోడ్డు మీద అలాంటి బ్రేకు రోజుకొకటి పడినా ఎక్కువే. మధ్యలో చల్లారడానికి బోలెడు సమయం. ట్రాకు మీద నిమిషం తిరక్కుండానే మళ్లీ పడుతుంది, ఆ తర్వాత మళ్లీ. చల్లారేలోపే కొత్త వేడి పాతదాని మీద ఎక్కుతూ పోతుంది.

జీడితొక్క ఇక్కడ వస్తుంది. డిస్కును పట్టుకునే బ్రేక్ ప్యాడ్ ఒక్క పదార్థం కాదు, కలగూరగంప. పీచు, లోహపు పొడి, గ్రాఫైటు, అన్నిటినీ అంటిపెట్టుకునే రెజిన్, వీటి మధ్యలో గోధుమరంగు పొడి. ఆ పొడే జీడితొక్క నూనెతో చేసింది. పచ్చి తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి కార్డనాల్ మిగులుతుంది. దాన్ని ఫార్మాల్డిహైడ్‌లాంటి వాటితో గట్టిపరిచి, రాయిలా అయ్యాక పొడి చేస్తారు. గత శతాబ్దపు 20లు, 30లలో మార్టిమర్ హార్వే అనే అమెరికా రసాయనవేత్త ఈ నూనె వెంటపడి పేటెంట్లు తీసుకున్నాక జీడితొక్కకు బ్రేకుల లోకంలో చోటు దొరికింది. ఈ పొడి ఉంటే ప్యాడ్ కాస్త మెత్తగా, రబ్బరు గుణంతో ఉంటుంది. కీచుమనదు, పట్టు హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా ఇస్తుంది. రోజూ కాశీబుగ్గ బజారులో ఆటోల వెనక ఆగుతూ, కదులుతూ పోయే కారుకు ఇంతకంటే ఏం కావాలి?

ట్రాకు మీద ఆ మంచితనమే తిరగబడుతుంది. జీడి పొడి, రెజిన్ రెండూ చివరికి చెట్టు, చమురు నుంచి వచ్చిన పదార్థాలే. మూడొందల డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలుపెడతాయి, వాయువు పుడుతుంది. కొత్త ప్యాడ్లయితే మరీను. ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఆ వాయువు పలచని పరుపులా చేరుతుంది. కాలు ఎంత గట్టిగా తొక్కినా పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పందెపు బళ్లకు లోహం పాలు ఎక్కువున్న వేరే ప్యాడ్లు వాడేది అందుకే. అవి వేడెక్కితేగానీ పట్టవు. వాటిని వేసుకుని పొద్దున్నే కూరగాయలకు వెళ్తే మొదటి వేగనిరోధకం దగ్గరే గుండె జారుతుంది. మావాడు వెళ్లొచ్చాక అదే బండిలో పిక్కల బేరానికి తిరగాలి కాబట్టి, మామూలు ప్యాడ్లనే కొత్తవి వేయించుకుని, వెళ్లేముందే నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పి, డిస్కుకు వాటిని అలవాటు చేసుకోమన్నాను. కొత్త ప్యాడ్లతో నేరుగా ట్రాకెక్కడం కొత్త చెప్పులతో అరసవల్లి నడవడంలాంటిది.

ఇంకో రకం ప్రమాదం ఇంతకంటే చెడ్డది. మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అనే ద్రవం నిజానికి నూనె కాదు, గ్లైకాల్ జాతిది. గాలిలోని తేమను అది ఉప్పులా పీల్చుకుంటుంది. డాట్ 4 అని రాసున్న కొత్త డబ్బాలోది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ద్రవం మూడున్నర శాతం పైచిలుకు నీళ్లు పీల్చుకున్నాక 155 డిగ్రీలకు మరిగినా ఒప్పుకుంటారు. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. మరిగితే బుడగలు, బుడగలంటే ఆవిరి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు తొక్కితే మెత్తగా నేలదాకా దిగిపోతుంది. వజ్రపుకొత్తూరు, బారువ, కవిటి వైపు ఏడాది పొడుగునా సముద్రపు గాలి తేమగా వీచే ఊళ్లలో రెండేళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్‌లో ఎంత నీరుంటుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. సన్నాహాలన్నిటిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ప్రాణరక్షణ ఇచ్చేది, బయల్దేరే వారం ముందు సీలు తీయని డబ్బాతో ఆ ద్రవమంతా మార్పించడం. ఎక్కువ వేడికి తట్టుకునే డాట్ 5.1 దొరికితే ఇంకా మంచిది. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 కొనకూడదు, అది సిలికాన్ జాతి, వీటితో కలవదు.

బ్రేకు సంగతి అయ్యేసరికి చీకటి పడింది. వాడు ఆవులించాడు. టైర్ల దగ్గరికొచ్చాం.

ఒక్కో టైరు రోడ్డును తాకేది మన అరచేయంత మేరే. ఆ నాలుగు అరచేతుల మీదే బండి తిరగాలి, ఆగాలి, ఉరకాలి. పట్టు అనేది టైరుకు ఒక జీతంలాంటిది. మొత్తం బ్రేకుకే ఖర్చుపెడితే మలుపుకు మిగలదు. కొత్తవాళ్లు భయపడి మలుపు మధ్యలో బ్రేకు తొక్కి బండిని గిర్రున తిప్పేది ఈ అప్పు చేసే. తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా ఆపుకుని, బ్రేకు వదులుతూ స్టీరింగు తిప్పాలి.

రోడ్డు వైపు నుంచి పట్టు ఎక్కడిది? దానికి టెక్కలి వెళ్లాలి. అక్కడి నీలి గ్రానైటును పలకలుగా కోసి, అద్దంలా పాలిష్ పట్టి పంపుతారు. తడిసిన ఆ పలక మీద కాలు పెట్టి జారనివాడు లేడు. అలాంటి రాయినే కంకర చేసి తారులో కలిపితే, విరిగిన అంచుల గరుకుదనం రబ్బరులోకి గుచ్చుకుని బండిని నిలబెడుతుంది. రాయి గుణం మారలేదు, పైపొర గరుకు మారింది. ఏళ్ల తరబడి టైర్లు రాసుకుని రోడ్డు కంకర కూడా నెమ్మదిగా పాలిష్ అవుతుంది. ట్రాకు మీద అందరూ నడిచే గీత నల్లగా కనిపిస్తుంది. ఆ గీత పొడిగా ఉన్నప్పుడు బాగా పట్టునిస్తుంది, వాన పడితే అదే జారుడు. దాని పక్కన అరిగిన రబ్బరు ముక్కలు, ఇసుక చేరుతాయి. శివసాగరం బీచ్ ఇసుకలో కారు దించినవాడికి ఆ అనుభవం వేరే చెప్పనక్కర్లేదు. ట్రాకుల పక్కన కొన్నిచోట్ల కావాలనే గులకరాళ్ల గుంతలు పెట్టేది ఇసుకకున్న ఆ చెడ్డ గుణాన్ని వాడుకోవడానికే. దారి తప్పిన బండిని అది మింగి ఆపుతుంది.

మలుపులో ఎంత వేగం పడుతుందో కూడా లెక్క కట్టొచ్చు. 50 మీటర్ల వ్యాసార్ధపు వంపులో మంచి టైరు, పొడి రోడ్డు మీద గంటకు 75 కిలోమీటర్లు. అంతకుమించితే జారడమే. కానీ ట్రాకు వెడల్పుగా ఉంటుంది. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి వస్తే బండి గీసే వంపు 50 నుంచి 70 మీటర్లకు విస్తరించిందనుకోండి, అదే టైరు 89 దాకా ఓర్చుకుంటుంది. పైసా ఖర్చులేకుండా పద్నాలుగు కిలోమీటర్ల వేగం. రేసింగ్ లైన్ అనే మాటలో ఉన్న రహస్యమంతా ఇదే. జాతీయ రహదారి మీద ఇది చేయడానికి వీల్లేదు, ఎదురుగా లారీ ఉంటుంది. కాశీబుగ్గ, టెక్కలి మధ్య "కొంచెం సాధన" చేసుకుని వెళ్తానన్నాడు మావాడు. ఒక్కటిచ్చాను. నిజంగానే.

టైరులో గాలికీ వేడికీ ఉన్న లెక్క బళ్లో చదివిన పాఠమే. పొద్దున 30 డిగ్రీల్లో 32 పీఎస్‌ఐ పెట్టిన టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే మీటరు 38 చూపిస్తుంది. టైరు ఉబ్బి, అరచేయి ఇంకా చిన్నదవుతుంది. ట్రాకు మీద ప్రతి విడత తర్వాత వేడి మీదే కొలిచి కాస్త దించాలి. సాయంత్రం బయటికొచ్చేముందు మళ్లీ ఎక్కించాలి. మర్చిపోయి హైవే ఎక్కితే రాత్రికి చల్లారిన టైరులో గాలి చాలదు. టైరు వయసు కూడా చూడాలి. పక్కన చిన్న గుండ్రటి పెట్టెలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. టైరు మీది పువ్వు (ట్రెడ్) ఎంత లోతుగా ఉన్నా, వయసు మీరి గట్టిపడ్డ రబ్బరు రోడ్డును పట్టదు.

ఇక వాడు మొదట అడిగిన నూట ఎనభై. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165. పలాస చుట్టుపక్కల మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ రాత్రి తలుపుకు భుజం ఆనించి నిలబడ్డవాడు మావాడు కూడా. ట్రాకు మీద 150లో పోయే కారు ముందుభాగం తిత్లీకి ఎదురు నిలబడ్డ గోడే. నిలబడ్డవాడి మీదికి గాలి వచ్చినా, నిలిచిన గాలి మీదికి మనం పోయినా భౌతికశాస్త్రానికి ఒకటే. చిన్న కారును ఆ వేగంలో గాలి 70 కిలోల పైచిలుకు బలంతో వెనక్కి తోస్తుంది. ఆ తోపుడును నెట్టుకుపోవడానికే 40 గుర్రాలు ఖర్చు. 180కి అది 70 గుర్రాలవుతుంది, టైర్ల రాపిడి కాకుండా. వంద గుర్రాల బండి చివరి ముప్ఫై కిలోమీటర్ల వేగం కోసం ఎందుకంత ఆయాసపడుతుందో, 3.7 కిలోమీటర్ల ట్రాకులో అంత తిన్నని దారి ఎందుకు దొరకదో దీన్నిబట్టే తెలుస్తుంది. "అయితే నూట ఎనభై సూడలేనా మావా?" అన్నాడు. చూడలేవు. నూట యాభై చూస్తే ఎక్కువ. ఆ వేగంలో కూడా కన్ను రెప్పవేసి తేరుకునే ఒక్క సెకనులో, చెట్టుకీ చెట్టుకీ ఎనిమిది మీటర్ల ఎడమున్న కొబ్బరితోటలో దాదాపు అయిదు చెట్లు దాటిపోతావు. చూపు బానెట్ మీద కాదు, ఆ అయిదో చెట్టుకు అవతలుండాలి.

బండి వేడి అయింది. మనిషి వేడి మిగిలింది. ఉద్దానం వాడిగా నేను దీన్ని తేలిగ్గా దాటలేను.

ట్రాకు మీద చాలాచోట్ల అద్దాలు దించి, ఏసీ ఆపి నడపమంటారు. తలకు నిండు హెల్మెట్, పొడుగు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, బూట్లు. నైలాను గుడ్డ నిప్పుకు కరిగి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి పనికిరాదు. చెన్నై ఉక్కలో పదిహేను ఇరవై నిమిషాల విడత ముగిసేసరికి చొక్కా పిండితే చెమట కారుతుంది. వెళ్లేముందు, వచ్చాక బరువు తూచుకుంటే తగ్గిన ప్రతి కిలో సుమారు లీటరు నీళ్లు. ఆ సాయంత్రం మెడ, భుజాలు నొప్పెడతాయి. చేయి జేబులోని నొప్పి మాత్ర మీదికి పోతుంది. అక్కడే ఆగాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తప్రవాహాన్ని నిలుపుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల మీద ఆధారపడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గించేదీ, కిడ్నీని ఎండగట్టేదీ ఒకే పని.

ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఏ ఊళ్లో చూసినా కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్లు కనిపించే నేల మనది. దానికి కారణం నీళ్లా, ఎండలో పనా, మందులా, పుట్టుకతో వచ్చిందా అని ఏళ్లుగా శోధిస్తూనే ఉన్నారు, ఒక్క కారణం మీద వేలు పెట్టలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట మన రచ్చబండల మీద ధాన్యం ధరలా వినిపిస్తుంది. అందుకే మావాడికి పెట్టిన మొదటి షరతు బండి పరీక్ష కాదు, వాడి రక్తపరీక్ష. కొబ్బరినీళ్లు మోసుకుపోతానన్నాడు. ఒంట్లో అంతా బాగుంటే మంచిదే. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఆ నీళ్లలోని పొటాషియం ముప్పు, డాక్టరునడక్కుండా తాగకూడదు. కొబ్బరి నేలలో పుట్టి ఈ మాట అనాల్సిరావడం నాకూ కష్టంగానే ఉంది.

మిగతావి గబగబా చెప్పాను. మన మోటారు బీమా పాలసీల్లో పందేలకు, వేగ పరీక్షలకు బండి వాడితే వర్తించదని రాసుంటుంది, గోడకు గుద్దితే ఆ ఖర్చు మనదే. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, నెమ్మదించు, దాటొద్దు. ఎరుపంటే విడత ఆగిపోయింది. నీలమంటే వెనక వేగంగా వస్తున్నాడు, దారి చూసుకో. కాళ్ల కింద గుడ్డ, సీటు కింద నీళ్ల సీసా, డిక్కీలో జాకీ, అన్నీ తీసేయాలి. సీసా దొర్లి బ్రేకు పెడలు కిందికి చేరితే ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ దండగ. డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా తీసి గుడ్డలో చుట్టి గదిలో పెట్టమన్నాను. గట్టి బ్రేకుకు ఆయన అద్దం మీదికి ఎగిరొస్తాడు. వాడు ఒప్పుకోలేదు. "ఆయన్ని గదిలో ఒగ్గేసి ఎల్తే అమ్మ ఊరుకోదు మావా." జేబులో పెట్టుకుంటానన్నాడు. సరే, జిప్పున్న జేబు.

ఆఖరి సంగతి విడత ముగిశాక. గళ్ల జెండా పడగానే గబుక్కున వచ్చి ఆగకూడదు. ఒక చుట్టు బ్రేకు ముట్టకుండా, గాలి తగిలేలా నెమ్మదిగా తిరిగి రావాలి. ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకూడదు, పెడలు మీద కాలు ఉంచకూడదు. మూడొందల డిగ్రీల డిస్కును ఒకేచోట పట్టి ఉంచితే ప్యాడ్ పదార్థం అక్కడే అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా బండి వణుకుతుంది. గేరులో పెట్టి, చక్రం వెనక రాయి పెడితే చాలు. లారీలవాళ్లు ఏటవాలులో చేసే పనే. డిస్కులు చల్లారాక చక్రాల నట్లు బిగింపు చూసుకోవాలి, ఊచల మధ్య నుంచి టార్చి వేసి ప్యాడ్ మందం చూడాలి. మూడు మిల్లీమీటర్లకు దిగితే ఇక మార్చాల్సిందే. కొత్త ప్యాడ్ల జత ఒకటి డిక్కీలో వేసుకెళ్లమన్నాను. పలాస తిరిగి రావడానికి వెయ్యి కిలోమీటర్లుంది, నెల్లూరు దాటేసరికే రాత్రవుతుంది.